గుప్పెడు పప్పులు

మ్యూజియం అధికారి గారికి,

ఆదివారం మీ పెద్దమేడలో విసుర్రాయి చుట్టూ పిండి పడేసింది మా అమ్మ ఓబులమ్మ. ఆమెను రాయి చుట్టూ కట్టిన తాడు దాటనిచ్చినందుకు కాపలాదారు అతావుల్లా గారికి నోటీసు ఇచ్చారట. కోప్పడితే మా మీద కోప్పడండి.

మేడలో దొరలున్న రోజుల్లో అమ్మ పదేళ్లు ఆ పెరట్లో పిండి విసిరింది. రాయి కనబడగానే ఒక్కసారి తిప్పుతానంది. ఒట్టి రాయి తిప్పితే ఇంటికి మంచిది కాదని, కొంగున కట్టుకున్న గుప్పెడు వేయించిన పప్పులు పోసింది. ఆ పొడి నేనే వచ్చి తుడుస్తాను.

అంతకుముందు జరిగింది మీకెవరూ చెప్పి ఉండరు. టికెట్ కొన్నాక కూడా అమ్మ చెప్పులు చేతబట్టుకుని, మూసి ఉన్న పెరటి తలుపు దగ్గరికి పోయి నిలబడింది.

"ఆడెందుకు నిలబడినావు పెద్దమ్మా?" అన్నారు అతావుల్లా గారు.

"మేము పోయేది ఈ వాకిట్లోనే కదప్పా."

ఆయన చెప్పులు తొడుక్కోమని, చెయ్యి పట్టుకుని ముందు వాకిట్లోంచి తీసుకుపోయారు.

డెబ్బై ఆరో ఏట మా అమ్మ తొలిసారి ఆ గడప దాటింది. ఆయన మీద రాసే కాగితంలో ఇది కూడా రాయండి.

ఓబులమ్మ కూతురు,
శింగనమల