నలుపు కలవని చోట

మార్చి 4, మంగళవారం
తాండూరు పాలిషింగ్ యూనిట్‌లో బండ జారి బాల్‌రాజ్ అనే కార్మికుడి కాలు మీద పడింది. బండను ఎత్తే క్లాంప్‌లో రబ్బరు ప్యాడ్ చిరిగిందట. ప్యాడ్ వికారాబాద్‌లోని మా ఫ్యాక్టరీదే. చిరిగిన ముక్కను కవర్లో పెట్టి నా టేబుల్ మీద ఉంచారు. ల్యాబ్‌లో ఉన్నది నేనొక్కదాన్నే.

మార్చి 5, ఉదయం 11:20
ముక్కను బ్లేడుతో కోసి మైక్రోస్కోప్ కింద పెట్టాను. రెండు రకాల రబ్బరు కలిపి, బలం కోసం కార్బన్ బ్లాక్ వేస్తాం. ఆ నలుపు అంతటా సన్నగా పరుచుకోవాలి. ఇందులో ముద్దలు కట్టింది. చిరుగు మొదలైన చోటే పెద్ద ముద్ద. తొంభై మైక్రాన్లు. మా ల్యాబ్‌లో ఇరవై దాటితే ఫెయిల్.
ఇంకో ఐదు చోట్ల కోశాను. ఐదూ అంతే. అన్నిటికీ ఫొటోలు తీసి ఓనర్‌కు పంపాను.

సాయంత్రం 4:00
బ్యాచ్ రిజిస్టర్ తీశాను. పన్నెండు నిమిషాలు జరగాల్సిన మిక్సింగ్ ఎనిమిదికే ఆపారు. పక్కన ‘డిస్పర్షన్ ఓకే’, అంటే నలుపు సమంగా పరుచుకుందని, సంతకం. నాది. ఆ రోజు ఏడు బ్యాచ్‌లు వచ్చాయి. చివరిదైన దీన్ని కోయకుండానే ఓకే రాశాను. గుర్తుంది.

మార్చి 6
ఓనర్ హర్షవర్ధన్ సార్ పిలిచారు. బాల్‌రాజ్ క్లాంప్‌ను బండకు వంకరగా పట్టించాడని అక్కడి మేనేజరే అంటున్నాడట. “గా ఫొటోలు నిన్నెవరు అడిగిన్రు ఫర్హత్? బయటికి పోతే ముందుగాల పోయేది నీ నౌకరే” అన్నారు. కోపంగా కాదు. టీ కూడా తెప్పించారు. తాగాను.

మార్చి 7
తాండూరు ఆసుపత్రికి వెళ్లాను. బాల్‌రాజ్‌కు మోకాలి కింద కాలు తీసేశారు. సక్కగ పట్టియ్యక తానే ఖరాబు చేసుకున్నానని రోజూ అంటున్నాడట. ఆయన భార్య సంతోషమ్మ చెప్పింది.
“నీ తప్పు గాదన్నా. ప్యాడే మంచిగ లేదు. నేను సూడకుండ పాస్ చేసిన” అన్నాను.
సంతోషమ్మ లేచి బయటికి వెళ్లిపోయింది. బాల్‌రాజ్ మంచం మీద నా వైపు తిరిగాడు. తర్వాత అడిగాడు. “గసొంటియి ఇంకెన్ని ఉన్నయి?”

మార్చి 8
ఆ బ్యాచ్‌వి ఇంకా ముప్ఫై తొమ్మిది. తాండూరు చుట్టుపక్కల పదకొండు యూనిట్లకు వెళ్లాయి.
ఫొటోలు, రిజిస్టర్ పేజీ, నా పేరు. పదకొండు మందికీ మెయిల్ పంపాను. సార్‌కు కూడా.

మార్చి 10
ల్యాబ్ తాళాలు ఇచ్చేశాను. తాండూరు బస్సెక్కాను.

మార్చి 16
ముప్ఫై ఆరు విప్పించాను. మూడు ఇంకా ఎక్కడో బండలు ఎత్తుతున్నాయి.