రింగు తీసిన పిట్టలు

పదకొండేళ్ళ కిందట నా బాల్కనీలోంచి ఒక జంట ఫించ్ పిట్టలు పోయాయి. పాలబూడిద రంగువి, ఒక మగది, ఒక ఆడది. ఆ రోజు వాటి పంజరం దగ్గర ఆఖరుగా నిలబడినవాడు నా బావమరిది, గడియారాలు బాగుచేసేవాడు. ఎనిమిది నెలలు తిరక్కుండా అదే రంగు పిట్టలు వాడింట్లో కిచకిచలాడాయి. ఈ సంగతి ముందు రాసి, మిగతాది తర్వాత రాస్తున్నాను. ఆస్తి సంగతి ముందు రాస్తే అందరూ అక్కడే చదవడం ఆపేస్తారని నాకు తెలుసు.

నలభై ఏళ్ళు వెల్డింగు షాపులో పనిచేసిన నేను, డెబ్బై నాలుగేళ్ళ వయసులో, ఎవరి బలవంతమూ లేకుండా, ఏ మత్తూ లేకుండా, నా చేత్తో నేనే రాస్తున్న వీలునామా ఇది. చదివింది నాలుగో తరగతి. అక్షరాలు వంకరగా ఉంటే ఉండనీ. నా మతి బాగుందని డాక్టరు చేత కాగితం రాయించి దీనికి గుచ్చాను. ఎందుకంటే రేపు మా అబ్బాయి "నాన్నకి అప్పటికే చాదస్తం ముదిరింది" అనగల సమర్థుడు. ఇంతకు ముందు నేను రాసినవి ఏమైనా బయటికొస్తే అవి చెల్లవు.

1. ఇల్లు. మూడో అంతస్తులో రెండు గదులు, వంటిల్లు, వెనక బాల్కనీ. నా తదనంతరం మా ఆవిడ బతికున్నన్నాళ్ళూ ఆమెది. ఆమె తర్వాత అబ్బాయికీ అమ్మాయికీ చెరి సగం. ఆమె ముందు ఎవరు ఏ కాగితం పెట్టి సంతకం చెయ్యమన్నా, అమ్మాయి చదివి వినిపించాకే చెయ్యాలి. ఆ కాగితం తెచ్చింది అమ్మాయే అయితే, కింద టైలరు చదవాలి.

2. బాల్కనీ గురించి వేరే రాస్తున్నాను. తొమ్మిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. ఆరు పంజరాలు, అన్నీ నేను చేసినవే. ఏడోది పెడితే తలుపు తెరుచుకోదు. పోయిన నెల అబ్బాయి అక్కడ టేపు పెట్టి కొలిచాడు. నేను కునుకు తీస్తున్నాననుకున్నాడు. వాషింగ్ మిషన్ పెట్టాలని వాడి ఎత్తు. నా పిట్టల్లో ఆఖరుది ఆ చోటు వదిలేదాకా అక్కడ మిషన్ కాదు కదా, బకెట్టు కూడా పెట్టడానికి వీల్లేదు.

అబ్బాయికి నా బీరువా పై అరలో ఉన్న స్వెటరు ఇస్తున్నాను. మొదటి జీతంతో నాకు కొన్నాడు. ఒక్కసారే వేసుకున్నాను. నచ్చలేదనుకుని ముఖం మాడ్చుకున్నాడు. ఈకలు అంటుకుంటాయని దాచాను, అంతే. కొత్తదానిలాగే ఉంది.

3. ఈ వీలునామా నడిపించే బాధ్యత మా అమ్మాయిది. రక్తపరీక్షల లాబులో పని, ఎవరికీ జడవదు. మాత్రల డబ్బాలో దాచిన ఈకలు దానికి ఇస్తున్నాను. ఒక్కో విడత పిల్లల నుంచి ఒక్కో ఈక, వరసగా, చీటీలతో. చిన్నప్పట్నించీ అడిగేది. నాలుగేళ్ళుగా అడగడం మానేసింది. అడగడం మానేసింది కాబట్టే ఇస్తున్నాను.

4. మా ఆవిడకి బాల్కనీ కుర్చీ. పదకొండేళ్ళుగా ఆమె కూరగాయలకని చెప్పి తమ్ముడింటికి వెళ్తోంది, ఖాళీ సంచీతో తిరిగొస్తోంది. నేను సంచీ వంక చూడలేదు. ఇక నుంచి చెప్పే వెళ్ళొచ్చు.

5. పిట్టలు. పద్నాలుగేళ్ళ కిందట రెండు మామూలు బూడిద పిట్టలకి ఒక వింత పిల్ల పుట్టింది. చల్లారిన బూడిదలో పాలు ఒలికితే ఉండే రంగు. అది ఆడది. దాన్ని దాని తండ్రికే కట్టాను. రంగు నిలబెట్టాలంటే వేరే దారి లేదు. బావమరిది పడీ పడీ నవ్వాడు. "వావీ వరసా లేని సంబంధాలు కలుపుతున్నావేంటి బావా! మా అక్కని చూడ్డానికొచ్చినప్పుడు ఇందులో పదో వంతు ఆలోచన కూడా చెయ్యలేదు కదా నువ్వు!" అన్నాడు. నేనూ నవ్వాను. పిల్లలు గుడ్డులోంచి బయటపడే రోజున షాపు మూసి మరీ వచ్చేవాడు.

ఆరు పంజరాల్లో పద్నాలుగు పిట్టలకి మించి పట్టవు. అందుకని ప్రతి విడతలో రంగు వచ్చినవి ఉంచుకుని, బూడిదవి పంచేసేవాణ్ణి. బావమరిదికి ఆరు ఇచ్చాను. ఇచ్చే ముందు, నా పిట్టని గుర్తుగా కాలికి వేసిన రింగు తీసేసేవాణ్ణి, నా రింగు చూపించి ఎవడూ గొప్పలు పోకూడదని. వాడికిచ్చిన వాటికీ తీశాను. "నాకు కూడానా బావా?" అన్నాడు. "రూలు రూలే" అన్నాను.

తర్వాత రెండేళ్ళకి జంట పోయింది. మా ఆవిడ ఆపరేషనయి ఇంటికొచ్చిన రోజు, ఇంటి నిండా జనం. పంజరం తలుపు బార్లా తెరిచి ఉంది. "అక్క గొడవలో పడి గడియ నువ్వే మర్చిపోయావేమో బావా" అన్నాడు. నేను చేసిన గడియ దానంతటది ఊడదు. ఆ పొద్దున నీళ్ళు మార్చింది నేనే. అదీ రాస్తున్నాను, దాచడం లేదు.

వాడింట్లో ఆ రంగు పిల్లల్ని చేసింది నా జంటేనని నా మాట. నేనిచ్చిన బూడిద పిట్టల్ని సంతలో కొన్నవాటితో కలిపానని, వాటి పిల్లల పిల్లల్లో రంగు బయటపడిందని వాడి మాట. మా అమ్మాయిదీ అదే మాట. "నీ మొదటి పిల్ల మాత్రం బూడిదవాటికి పుట్టలేదా నాన్నా? రంగు లోపల దాక్కుని వస్తుంది. నీకు తెలీదా?" అంది. తెలుసు. తెలిసే కసిరాను. "మా వాడు దొంగే అయితే ఇరవై ఏళ్ళలో ఈ ఇంట్లోంచి ఒక్క చెంచా అయినా పోవాలి కదండీ" అంది మా ఆవిడ. చెంచాలకి రంగు లేదన్నాను.

రింగులుంటే కాళ్ళు చూసి ఆ రోజే తేల్చేసేవాణ్ణి. బూడిదవాటి రింగులు నేనే తీశాను. జంటవి వాడు తీసి ఉండొచ్చు. వాడింట్లో ఏ పిట్ట కాలు చూసినా బోసిగానే ఉంది.

6. ఇప్పుడు నా దగ్గర పాలబూడిదవి మూడు మిగిలాయి. రెండు మగవి, ఒక ఆడది. రెండేళ్ళుగా గుడ్లన్నీ వట్టివే. టార్చిలైటు ముందు పెట్టి చూస్తే లోపల ఎర్ర నరం కనపడదు. తండ్రికీ కూతురికీ, అన్నకీ చెల్లికీ కట్టీ కట్టీ రక్తం పలచబడింది. కొత్త రక్తం కావాలి, అదే రంగులో కావాలి. అది బావమరిది ఇంట్లో తప్ప నేనెరిగి ఇంకెక్కడా లేదు.

వాడివి నా జంట సంతానమైతే అదీ నా రక్తమే. కలిపితే మళ్ళీ వట్టి గుడ్లే, ఆడపిట్టకి ఉన్న కాస్త సత్తువా పోతుంది. సంతవాటితో కలిసినవైతే పిల్లలు లేస్తాయి. ఆడపిట్టకి నాలుగో ఏడు. ఇంకొక్క విడత పెడితే ఎక్కువ.

అంటే నేను పదకొండేళ్ళుగా అంటున్నది నిజమైతే నా పిట్టలు పోతాయి. తప్పైతే బతుకుతాయి. ఏది కావాలో నాకు తెలుసు. ఇంతకంటే రాయను.

7. వాడివి నేనిచ్చిన బూడిదవాటి సంతానమే అయితే మూడు పిట్టలూ, ఆరు పంజరాలూ వాడికే. నేను పోయేదాకా ఆగక్కర్లేదు. దొంగిలించినవైతే ఆ మాట ఒప్పుకుని వెళ్ళొచ్చు, కేసూ లేదు, తిట్టూ లేదు. పిట్టలు అమ్మాయి దగ్గర ఉంటాయి, ఉన్నన్నాళ్ళు. అబద్ధమాడి తీసుకెళ్తే వాడికి దక్కేవి మూడు ముసలి పిట్టలూ, నాలుగు వట్టి గుడ్లూ. ఇవన్నీ ఆలోచించే రాశాను.

8. దీని నకలు ఈ రోజే టైలరు చేత బావమరిదికి పంపుతున్నాను. ముట్టినట్టు సంతకం తీసుకురావాలి. ఈ లోపల మా ఆవిడ వాడికి ఏం చెప్పాలో నేర్పకూడదు.

తేదీ: మార్చి రెండు, ఆదివారం.

సంతకం: వెల్డింగు పెద్దాయన అని అందరూ పిలిచే నేను

సాక్షులు, నేను చదివి వినిపించగా విన్నవారు:
కింది అంతస్తు టైలరు (రెండు చోట్ల నవ్వాడు)
మందుల షాపు ఓనరు

బావమరిది నకలు మీద మాత్రం, సంతకాల కింద:

ఒరేయ్, మార్చి పదహారు ఆదివారం, పొద్దున పదకొండు లోపల నువ్వే రా. అక్క చేత కబురు పంపితే ఒప్పుకోను. ఫోను ఎత్తను. ఆడపిట్ట గూట్లో గడ్డి సర్దుకోవడం మొదలుపెట్టింది, పదహారు దాటితే గుడ్లు పెట్టేస్తుంది, నీ జవాబు దానికి అక్కర్లేదు. వచ్చి నా ఎదురుగా నిలబడి ఒక్క మాట చెప్పు: నీ ఇంట్లో మొదటి పాలబూడిద పిల్ల ఏ పిట్టలకి పుట్టింది?