చదువుకునే పిల్ల ఖాళీగా ఉండదు

నాన్నకు నమస్కారం. పదిహేనో తారీఖున పెద్దత్త నా దగ్గరికి వస్తోందని బాబాయి చెప్పాడు, అందుకే ఈ కార్డు వెంటనే రాయాల్సి వచ్చింది.

మా ల్యాబులో పెద్ద మైక్రోస్కోపు ఒక్కొక్కరికీ నెలకోసారే ఇస్తారు. పోయిన నెల ఒక మంగళవారం నా వంతు వచ్చింది. వారం పనులన్నీ దానికి తగ్గట్టు సర్దుకున్నాను. ఆ పొద్దున్నే బాబాయి మా హాస్టలు తలుపు దగ్గర నిలబడి, "సోఫా కొనాలి, పదమ్మా" అన్నాడు. పనుందంటే, "పుస్తకాలెక్కడికి పోతాయే? నువ్వు ఖాళీయేనని మీ నాన్నే చెప్పాడు" అని అందరి ముందూ నవ్వాడు. తిరిగొచ్చేసరికి నా వంతు వేరేవాళ్ళకి వెళ్ళిపోయింది. "వేళ పాటించనివాళ్ళకి పరిశోధన ఎందుకు?" అన్నారు ప్రొఫెసర్ గారు. ఆ మాట పడాల్సింది నేనా, నాన్నా?

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? మందు మానేయనివ్వకండి. మైక్రోస్కోపు దగ్గర మళ్ళీ నా వంతు ఆ పదిహేనో తారీఖునే. ఈసారీ తప్పితే ఈ ఏడు నా పని ముందుకు సాగదు. పెద్దత్తను ఆదివారం రమ్మనండి, దగ్గరుండి ఊరంతా తిప్పుతాను. కవరు కాకుండా కార్డు రాసింది, పోస్టుమాన్ గారు మీకు చదివిపెట్టేటప్పుడు ఇంట్లో అందరూ వినాలనే. నాకు ఖాళీ లేదని పెద్దత్తకు మీ నోటితో మీరే చెప్పండి. చెప్పానని పన్నెండో తారీఖులోగా పోస్టుమాన్ గారి చేతే జవాబు రాయించండి.

మీ అమ్మాయి