పెద్దాసామి పాతర

నాయనమ్మా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పెద్దాసామి మనవడు వాళ్ల దొడ్లో సినిమా హాలు కడుతున్నాడు. పొద్దున పునాది తవ్వుతుంటే నా గడ్డపార బండకు తగిలింది. బండ లేపితే కింద పాతర. నిండా జొన్నలు. బొగ్గులా నల్లబడి, పిడికిట్లోకి తీసుకుంటే పొడైపోయాయి.

"కరువులో మూసిందేరా ఇది," అన్నాడు నాతో తవ్వుతున్న సాంబయ్య తాత. "ధర పెరగాలని పెద్దాసామి దాచాడు. ఆ ఏడే చచ్చాడు. చోటు ఎవరికీ చెప్పలా."

ఆ కరువులో ఈ దొడ్డి గోడ అవతలే నువ్వు చీమల పుట్టలు తవ్వి, అవి దాచుకున్న గింజలు ఏరి మా నాయన్ని బతికించావు. ఆయన చెల్లెలు దక్కలేదు. అయినా నేను పెద్దాసామిని తిడితే, "ఊరుకోరా, ఆయన పాతరా ఖాళీయేనంట, పాపం," అనేదానివి. ఆ మాట నమ్మే పోయావు.

గడ్డపార అక్కడే పారేశాను. "ఏందిరా, ఎప్పటి జొన్నలకో ఇప్పుడు కోపమా?" అని మేస్త్రి నవ్వాడు.

గింజలు ఏరిన ప్రతిసారీ, చీమలకీ పిల్లలుంటాయని పిడికెడు పుట్టలోనే వదిలేదానివట. ఇందాక ఆ గోడ పక్క పుట్ట దగ్గర నీ పేరున పిడికెడు జొన్నలు పోశాను. మంచివే. మనింట్లోవి.