సీలు విప్పని విమానం

పరమ పూజ్యురాలు, పళ్ళసెట్ల సామ్రాజ్ఞి అయిన అత్తకి,

నీ మేనల్లుడు ముక్కుకి జేబురుమాలు కట్టుకుని వ్రాయునది. నేనిక్కడ క్షేమం అని రాస్తే అబద్ధమవుతుంది. నువ్వేమో కొత్త ఊళ్ళో కొత్త ల్యాబులో చేరి, ఎవరెవరి దవడలకో అచ్చులు పోసుకుంటూ హాయిగా ఉన్నావు. నన్ను మాత్రం ఈ ఇంట్లో అద్దె లేకుండా ఉండమని ఊరించి, "మీ మామయ్య పనిగది ఖాళీ చేసి పెట్టరా, అద్దెకిద్దాం" అని గుమ్మం దాటుతూ ఒక్క ముక్క అనేసి వెళ్ళావు. ఆ గది తలుపు తీశాక తెలిసింది, ఆ ఒక్క ముక్కే అసలు అద్దె అని.

మామయ్య పోయి రెండేళ్ళయింది. ఆయన ఆముదం మాత్రం ఇంకా పోలేదు. బొమ్మ విమానాల ఇంజన్లకి పోసే ఇంధనంలో ఆముదం కలుపుతారన్న సంగతి నాకు డిగ్రీలో ఏ మహానుభావుడూ చెప్పలేదు. అది కారి, ఎండి, గోధుమరంగు బంకై అల్మరా అరల్ని తలుపులకి అతికించేసింది. ఒక ఇంజన్‌ని పట్టుకున్నాను. అది నన్ను పట్టుకుంది. చిన్నప్పుడు నా ముక్కు మూసి నువ్వు తాగించిన ఆముదమంతా ఒక్కసారిగా గొంతులోకి వచ్చి పలకరించింది.

తర్వాత రిమోటు పెట్టె విప్పాను. బ్యాటరీలు కారి లోపలంతా పచ్చటి ఉప్పు, పాచిపట్టిన పళ్ళలాగా. నువ్వు చూసి ఉంటే కుర్చీలో కూర్చోబెట్టి నోరు తెరవమనేదానివి. సిగ్నలందుకునే డబ్బాకి చుట్టిన స్పాంజి కరిగి నల్లటి జిగటై నా చూపుడువేలికి అంటుకుంది. సబ్బుకి పోలేదు, కిరసనాయిలుకి పోలేదు. ఆ వేలు ఇప్పుడు నా ఒంటికి సంబంధం లేనట్టుగా, విడిగా కంపు కొడుతోంది.

ఇంత రోతలోనూ శుభ్రమైన వస్తువు ఒకటి దొరికింది. అటక మీద పాత దుప్పట్లో చుట్టిన పొడవాటి అట్టపెట్టె. మూత మీద ఎర్ర రెక్కల విమానం బొమ్మ. లోపల పల్చటి బాల్సా చెక్క పలకలూ, ప్లాన్ కాగితమూ, చక్రాలూ ఉంటాయట; కొన్నవాడు తన చేత్తో తానే కట్టుకుని రిమోటుతో ఎగరేసుకోవాలి. టేపు కూడా ఊడలేదు. మామయ్య బొమ్మ విమానాల క్లబ్బులో అందరి దగ్గరా గొప్పలు పోయేవాడు చూడు, "నా దగ్గర సీలు విప్పని కిట్టొకటుంది" అని, ఆ మహారాజశ్రీ ఇదే. ఈ రకం ఇప్పుడు ఎక్కడా తయారు కాదు. చెయ్యి పడనిదైతే మంచి ధర పలుకుతుందట. అమ్మెయ్యనా?

ముక్కుని కోల్పోయి, మొహంతో మాత్రమే మిగిలిన
నీ కోతి

*

ప్రియమైన కోతికి,

నీ ఉత్తరం భోజనం చేస్తూ చదివాను, బుద్ధి గడ్డితిని. ఫోన్ ఎందుకెత్తవని అడగలేదు గానీ చెప్తున్నాను. ల్యాబులో పొద్దంతా గ్రైండర్ల రొద. దాని మీద నీ కూతలు కూడానా? కాగితమైతే మధ్యలో ఆపి చెయ్యి కడుక్కోవచ్చు.

ఆ పచ్చ ఉప్పుని వెనిగర్‌లో ముంచిన పాత టూత్‌బ్రష్‌తో రుద్దు. నీది వాడకు, మర్చిపోయి మళ్ళీ నోట్లో పెట్టుకునే రకానివి. ఆముదం బంక వేడికి లొంగుతుంది. స్పాంజికి మందు లేదు. పారెయ్. వేలు ఉంచుకో.

ఆ పెట్టె అమ్మెయ్. దాని మొహం చూడబుద్ధి కాదు నాకు. మీ మామయ్య ఆదివారాలన్నీ మైదానానికి రాసిచ్చాడు, సాయంత్రాలన్నీ ఆ గదికి. చెక్క ముక్కలు అతికే ఆ సిమెంటు జిగురు వాసనకి నాకు కణతలు పగిలిపోయేవి. దిండుకి అదే వాసన, తువ్వాలుకి అదే వాసన.

కానీ తెరవకు. ఉన్నదున్నట్టు ఇచ్చెయ్. ఇంకో మాట, అద్దాల బీరువాలో పెట్టుకుని మురిసిపోయేవాడికి మాత్రం వద్దు. విప్పి, కట్టి, ఎగరేసేవాడెవడైనా వస్తే వాడికివ్వు, సగం ధరకైనా సరే. ఎందుకని అడగకు.

ఇట్లు,
అత్త

కవరు మీద సామ్రాజ్ఞి అని రాయకు. పోస్ట్‌మ్యాన్ నేను మాట్లాడుతుంటే నా పళ్ళ వంకే చూస్తున్నాడు.

*

ఎందుకని అడగని మేనల్లుడు, అడగవలసిన మేనత్తకి,

వేలు క్షేమం. ఇంజన్లు తళతళ. రిమోటు నోరు కడుక్కుని కూర్చుంది. ఇక ప్రధాన ఘట్టం.

పాత బొమ్మల వ్యాపారి ఒకాయన వచ్చాడు. పేరు చెప్పాడు గానీ నేను గ్లవుజులాయన అనే పిలుచుకుంటున్నాను. రాగానే జేబులోంచి తెల్ల గ్లవుజులు తీసి, ఆపరేషన్‌కి వచ్చినవాడిలా వేసుకున్నాడు. తర్వాత పెట్టె మూల మీదకి వంగి, కళ్ళు మూసుకుని వాసన చూశాడు. చూస్తూనే ఉన్నాడు. నేను మర్యాదగా అటు తిరిగి నిలబడ్డాను, ఎవరో బట్టలు మార్చుకుంటున్నట్టు.

"చెమ్మ లేదు. పొగాకు లేదు. ఎలకలు లేవు. ఆహా!" అన్నాడు.

"కట్టి ఎగరేస్తారాండీ?" అని నీ షరతు అడిగాను.

చిన్నపిల్లాణ్ణి చూసినట్టు చూశాడు. "ఎగరేస్తే కూలిపోతుంది కదా నాయనా. కట్టని విమానం ఎప్పుడైనా కూలిందా?"

అత్తా, ఆ వేదాంతానికి నా ఒళ్ళు జలదరించింది. పెళ్ళికి పోతే పిల్ల కంటే శుభలేఖ బాగుందని అది ఇంటికి పట్టుకుపోయే మనిషన్నమాట. కానీ పెట్టె చూడ్డానికి ఇప్పటిదాకా వచ్చినవాళ్ళలో కాస్త మనిషి మొహం ఉన్నది ఇతనికే. చెట్టు లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షం కదా. ఈ ఇంట్లో ఆముదానికి కొదవా?

నువ్వు తెరవద్దన్నావు. నేను తెరవలేదు. ఆయన తెరిచాడు. నేను కత్తెర అందించానంతే. లోపల లెక్క సరిపోయిందో లేదో చూడకుండా ఎవరూ కొనరట.

మొదట అంతా బాగానే ఉంది. పైన పలకలు, వాటిలో ముక్కలు కోత పెట్టినవి పెట్టినట్టే. ఆ పలకలు ఎత్తగానే గ్లవుజులాయన "ఛీ ఛీ ఛీ!" అని వెనక్కి గెంతాడు. శవం కనిపించిందనుకున్నాను. కనిపించింది రెక్క. ఒకవైపు రెక్క, చెక్క పక్కటెముకలన్నీ వరసగా నిలబెట్టి, తినేసిన చేపముల్లులా.

"మొదలుపెట్టేశారు!" అన్నాడు, ఎవరో సంతకం ఫోర్జరీ చేసినట్టు. "ఎవడో చేతకానివాడు. అతుకుల్లో ఆ తెల్లదేంటి, వడ్రంగి జిగురా? ఇది కిట్టు కాదయ్యా, చెత్త."

అంతకంటే రోతది నాకు దొరికింది. మూలమూలకీ బబుల్‌గమ్! గులాబీరంగుది, నమిలి ఊసి అంటించింది. పంటిగుర్తులొక్కటే తక్కువ. గోటితో గీకాను. ఏ వేలి గోటితో అని అడగకు, దాని తలరాత అంతే.

వెళ్తూ వెళ్తూ ఆయనే ఉపాయం చెప్పాడు. అసిటోన్ పూసి అతుకులు విడదీసి, ముక్కల్ని పలకల్లో మళ్ళీ సర్దేస్తే, పైన కొత్త టేపు తను వేసుకుంటాడట. "ఎవరూ ముట్టనిది" అవుతుందట. వచ్చే ఆదివారం వస్తానన్నాడు. వినగానే అసహ్యం వేసింది. తర్వాత ఆలోచించాను. మామయ్య నలుగురిలో సీలు విప్పలేదని చెప్పుకున్న మనిషి. పోయినాయన్ని ఇప్పుడు అబద్ధాలకోరుని చెయ్యాలా? ఆయన మాట నిలబెడదామనుకున్నాను. నా ఉదారత్వం నాకే ముచ్చటేసింది.

కానీ ఆ అతుకులు ఊడితే ఒట్టు. అసిటోన్‌కి నా తల తిరిగింది తప్ప జిగురు కదల్లేదు. కొత్త బ్లేడు కొన్నాను. శనివారం కూర్చుని ఒక్కొక్కటే కోసి పారేస్తాను.

ఇట్లు,
వంశప్రతిష్ఠా సంరక్షకుడు

*

ఒరేయ్,

బ్లేడు కింద పెట్టు. పెట్టాక చదువు.

అది బబుల్‌గమ్ కాదు. పళ్ళసెట్టుకి వాడే మైనం. జిగురు ఆరేదాకా పక్కటెముక పక్కకి ఒరగకుండా నేను పెట్టింది. చేతకానివాడెవడూ కట్టలేదు. ఆ రెక్క నాది.

కిట్టు కొన్న ఏడాదే మీ మామయ్యకి చేతులు వణకడం మొదలైంది. బ్లేడు పట్టుకుంటే చెక్క విరిగేది. మొదట "కాస్త పట్టుకో" అన్నాడు. తర్వాత "కాస్త కొయ్యి" అన్నాడు. ఆ తర్వాత ఆయన ప్లాన్ కాగితం పట్టుకుని కూర్చునేవాడు, నేను కట్టేదాన్ని. ఆయన సిమెంటు జిగురు నాకు పడదని తెల్లది వాడాను. బరువెక్కుతుంది, ఎగరదని సణిగాడు. సణిగినా రోజూ నాకంటే ముందే బల్ల దగ్గర కూర్చునేవాడు. నిజం చెప్పనా, ఆ సాయంత్రాలు నాకు నచ్చాయి.

ఒకరోజు క్లబ్బువాళ్ళు చెప్పకుండా వచ్చారు. ఆయన గబుక్కున రెక్క మీద వార్తాపత్రిక కప్పాడు. "కిట్టు మొదలుపెట్టావా?" అని వాళ్ళు అడిగితే, "లేదు, సీలు కూడా విప్పలేదు" అన్నాడు. "మరి బల్ల మీద ఈ జిగురేంటి?" అన్నారు. "అదా, మా ఆవిడ పళ్ళసెట్ల పని" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన కూడా. నేను టీ పళ్ళెం పట్టుకుని గుమ్మంలో ఉన్నాను, వేళ్ళకి ఆరని జిగురుతో.

ఆ రాత్రే రెక్కని పెట్టెలో పెట్టి, పైన పలకలు పరిచి, టేపు వేసేశాను. ఆయన అడగలేదు. నేను చెప్పలేదు. చెయ్యి వణుకుతోందని సిగ్గుపడ్డాడు, నాకు తెలియదా? జాలిపడితే అసహ్యం పోతుందంటారు. పోలేదురా. రెండూ అలాగే ఉన్నాయి.

కట్టేవాడికే అమ్మమన్నది అందుకే. వాడు పెట్టె విప్పితే, తనకంటే ముందు ఎవరో మొదలుపెట్టారని వాడికైనా తెలుస్తుంది కదా. ఇప్పుడు నువ్వూ ఆ గ్లవుజులాయనా కలిసి దాన్ని ఊడబీకి, "ఎవరూ ముట్టలేదు" అని అమ్ముతారా? ఎవరూ ముట్టకపోతే మరి నేనెవర్ని?

అత్త

*

అత్తా,

బిరుదులన్నీ వెనక్కి తీసుకుంటున్నాను, ముందుగా నావి.

నీ ఉత్తరం శనివారమే అందింది. పోస్ట్‌మ్యాన్ తలుపు తట్టేసరికి రెండు పక్కటెముకలు కోసేసి ఉన్నాను. ఒక సంగతి చెప్పాలి, కోసినచోట చెక్క తెగింది గానీ నీ అతుకు ఊడలేదు. ఆ చెక్కపొడి ఇంకా నా చొక్కా మీద ఉండగానే నీ ఉత్తరం చదివాను. వెంటనే స్నానం చేశాను. లాభం లేకపోయింది.

నాకు బుద్ధి లేదు సరే, కళ్ళు కూడా లేవా? చిన్నప్పుడు నేను ఏడిస్తే నువ్వు ఆ మైనంతోనే కదా ఏనుగులు చేసి ఇచ్చేదానివి. అలాంటి ఏనుగుని పట్టుకుని ఎవడో ఊసిన బబుల్‌గమ్ అన్నాను. ఆ గదిలో ఆముదం, పచ్చ ఉప్పు, నల్ల జిగట అన్నీ చూశాను. వాటన్నిటికంటే రోతది ఆ గదిలో శనివారం బ్లేడు పట్టుకుని కూర్చుంది.

ఆదివారం గ్లవుజులాయన వచ్చాడు. రెక్క చూసి మొహం చిట్లించాడు.

"ఇంకా ఊడదియ్యలేదా?"

"ఊడదియ్యనండీ. మా అత్త కట్టింది."

"అత్తగారా!" ఆయన గొంతు తగ్గించాడు. "అయితే ఆ మాట అసలు బయటికి రానివ్వకండి. పెద్దాయన కట్టాడంటే కనీసం సగం ధరైనా వస్తుంది."

అత్తా, నాకెప్పుడూ జోకు దొరుకుతుంది. అప్పుడు దొరకలేదు. బల్ల మీదున్న ఆయన గ్లవుజులు తీసి ఆయన చేతిలోనే పెట్టి తలుపు చూపించాను. మెట్లు దిగుతూ "పాడుచేసుకున్నారు, బంగారంలాంటి పెట్టె" అంటూనే ఉన్నాడు. నేను కిటికీలోంచి "ఛీ" అన్నాను. డిగ్రీ చదివినందుకు ఆ మాత్రం వాక్యరచన.

కోసేసిన రెండింటి బదులు, మిగిలిన పలకలోంచి రెండు పక్కటెముకలు నేనే చేశాను. ప్లాన్ మీద పెట్టి గీసి, కోసి, ఉప్పుకాగితంతో రుద్దాను. చూసి చెప్పు. ఇందులో పెడుతున్నాను.

పెట్టె ఇప్పుడు అమ్మకానికి లేదని నలుగురికీ చెప్పేశాను. చెప్పే ముందు నిన్ను అడగలేదు. ఎందుకని అడగకు.

ఇట్లు,
నీ కోతి

*

ప్రియమైన కోతికి,

నువ్వు పంపిన పక్కటెముకలు అందాయి.

ఛీ.

ఒకటి లావు, ఒకటి బక్క. అంచులు ఎలక కొరికినట్టున్నాయి. బల్ల మీద పెడితే మా ల్యాబు పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని "ఎవరి దవడండీ ఇది, పాపం?" అన్నాడు. మా మేనల్లుడిదన్నాను. నిజమే అనుకుని జాలిపడ్డాడు.

సెలవు పెట్టాను. శుక్రవారం వస్తున్నాను. ఈలోపు ఆ గది బల్ల కడిగి తుడువు, గది అద్దెకి ఇవ్వడం లేదు. తెల్ల జిగురు కొత్తది కొను, పాతది గట్టిపడి ఉంటుంది. మైనం నేను తెస్తాను. బ్లేడు ముట్టుకున్నావంటే మాత్రం ఆ చూపుడువేలు కూడా నీకు మిగలదు. నువ్వు ప్లాన్ కాగితం పట్టుకుని కూర్చో. నోరు మూసుకుని కూర్చోగలిగితే.

మీ మామయ్య ఎగరదన్నాడు. ఎగరకపోతే పోనీ. కూలితే కూలనీ. కూలినా నాదే కూలాలి.

మైదానానికి వెళ్ళినప్పుడు క్లబ్బువాళ్ళు ఎవరు కట్టారని అడుగుతారు. నువ్వు ముందు కూయకు. నేను చెప్తాను. నాకు నోరుంది, అందులో పళ్ళున్నాయి, అవి సొంతవే.

అత్త