మామయ్య మోకాలు, సంతలో కాటా

బిష్కెక్, మే నెల

ఎసెన్‌కుల్ మామయ్యకి, మేనకోడలు చొల్పోన్ సలాములు.

మీ మోకాలి ఎక్స్‌రే మా ఆసుపత్రి డాక్టరుగారికి చూపించాను. కీలు అరిగిందట, మార్చాలట. కానీ మీరు వంద కిలోల లోపుకి దిగితే గాని కత్తి పట్టనన్నారు. "ఎక్కువైన బరువు ఊరికే కూర్చోదమ్మా. ఇవాళ మోకాలు, రేపు బీపీ, ఎల్లుండి షుగరు. బతికినన్నాళ్లూ ఆసుపత్రికి కప్పం కట్టిస్తుంది" అన్నారు. సెప్టెంబరుకి మీ పేరు రాయించాను. రొట్టె, కొవ్వు తగ్గించండి. బరువు తూచుకుని రాస్తూ ఉండండి.

మీ చొల్పోన్

తా.క. గొర్రె తోక కొవ్వు కూడా కొవ్వే మామయ్యా. ముందే చెబుతున్నాను.

---

అట్‌బాషి, జూన్

తల్లీ చొల్పోన్, దీవెనలు.

కప్పమా? ఈ ఎక్స్‌రే కాక నేను ఆసుపత్రి గడప తొక్కింది ఒక్కసారే, అదీ గుర్రం తన్నితే. మీ బూబుసారా అత్తయ్య గాలికి కొట్టుకుపోయే మనిషి, ఎప్పుడు చూసినా డాక్టరు దగ్గరే. ఆ లెక్కన డాక్టర్లని పోషించేది బక్కవాళ్లే.

అయినా తగ్గుతాను. జీను ఎక్కాలంటే ఇద్దరు వెనకనుంచి నెట్టాల్సి వస్తోంది, సిగ్గుతో చచ్చిపోతున్నాను. వచ్చే వేసవికి నా అంతట నేనే నా గుర్రం తోరుని ఎక్కి కొండమీది పచ్చికకి పోవాలి. నాకింకేమీ వద్దు. సంతలో పశువుల కాటా మీద తూకం నూట పద్దెనిమిది.

మీ మామయ్య

తా.క. ఈ సంగతి అత్తయ్యకి చెప్పకు. తన రొట్టె వద్దన్నవాడు ఈ గడప దాటి బతికి వెళ్లిన దాఖలా లేదు.

---

అట్‌బాషి, జులై

తల్లీ,

రొట్టె ముట్టట్లేదు, కొవ్వు వాసన కూడా చూడట్లేదు. బెల్టుకి కొత్త చిల్లు పొడిచాను. తూకం నూట ఇరవై రెండు. ఆ కాటాకి నామీద ఏం పగో తెలియదు.

మీ మామయ్య

తా.క. కొత్త చిల్లు చూసి అత్తయ్య నాకు పొట్టలో పురుగులన్నది. మందు తాగించింది.

---

బిష్కెక్, జులై

మామయ్యా, సలాములు.

తినకుండా బరువు పెరగడమేమిటి? ఒంటికి నీరు పట్టిందేమోనని డాక్టరుగారి అనుమానం. గుండె, కిడ్నీలు, రక్తం అన్నీ పరీక్ష చేయించుకోండి. ఇలాగే పెరిగితే మీ పేరు కొట్టేస్తారట. నాకు భయంగా ఉంది.

మీ చొల్పోన్

---

అట్‌బాషి, ఆగస్టు

తల్లీ,

అన్ని పరీక్షలూ అయ్యాయి. అన్నీ బాగున్నాయట. నర్సులందరూ నన్ను పేరు పెట్టి పిలుస్తున్నారు. మీ డాక్టరు చెప్పిన కప్పం ఇదేనేమో. తూకం నూట ఇరవై ఆరు. నా పేరు కొట్టేయించు, ఇంకెవరికైనా పనికొస్తుంది. రాత్రి కొంచెం ఏడ్చాను కూడా.

మీ మామయ్య

తా.క. లెక్కలో పొరపాటేమీ లేదు. ఆ కాటా మీద కాళ్లతో నిలబడేది అమ్మకానికొచ్చిన సరుకే, మర్యాదగల మనిషి కాదు. అందుకే తోరు మీద కూర్చునే తూచుకుంటున్నాను. వసంతంలో పశువైద్యుడు తూచిన తోరు బరువు తీసేస్తున్నాను.

---

బిష్కెక్, ఆగస్టు

మామయ్యా,

తా.క. మూడుసార్లు చదివాను. ఆ గుర్రం వేసవంతా ఏం తిన్నది? మాట్లాడకుండా బస్సెక్కి రండి.

మీ చొల్పోన్

---

అట్‌బాషి, సెప్టెంబరు

బంగారుతల్లీ చొల్పోన్, వెయ్యి దీవెనలు.

మీ ఆసుపత్రి కాటా తొంభై ఆరు అన్నప్పుడు నువ్వు ఏడుస్తుంటే నాకు నవ్వొచ్చింది. మీ డాక్టరు నన్ను మెట్లెక్కించి, దింపి, "ఈ మోకాలికి ఇప్పుడే కత్తి ఎందుకు, చూద్దాం" అన్నాడు కదా, ఆ మాటకి ఆయన్ని కావలించుకున్నందుకు ఏమీ అనుకోవద్దని చెప్పు.

నువ్వడిగినదానికి జవాబు. మీ అత్తయ్య ఎదుట రొట్టె వద్దనలేను. రొట్టె పారేస్తే పాపం. అందుకని చొక్కా చేతిలో దాచి తోరుకి పెట్టాను. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, కొవ్వు రాసినవి కూడా.

నిన్న ఎవరూ నెట్టకుండా జీను ఎక్కాను. వీధంతా చూసింది. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. నేనెక్కాను గాని తోరు కదల్లేదు. పశువైద్యుడు వచ్చి వాడి మోకాళ్లు నొక్కి చూసి, బరువు తగ్గించాలి, నెలనెలా చూపించాలి అన్నాడు.

మీ మామయ్య

తా.క. మీ డాక్టరుని ఒక్కమాట అడుగు. తోరు బరువు సరిగ్గా తెలియాలంటే, నేను వాడి మీద కూర్చుని నా బరువు తీసేస్తే సరిపోతుందా?