మిల్లు గేటు ముందు నీ నవల

శీనా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మీ అక్క అచ్చువేయించిన నీ నవల నా చేతికొచ్చింది. నూలు మిల్లులో పనిచేసిన మన నలుగురి కథ.

బతికుండగా "కొంచెం వింటారా?" అని నువ్వడిగిన ప్రతిసారీ "రేపు చూస్తాం పోరా" అన్నాం. తమిళ బళ్లో చదివిన మిగిలిన ముగ్గురిలో తెలుగు చదవగలిగేది నేనొక్కణ్ణే. మిల్లు కిటికీ అద్దానికి పట్టిన పత్తి నూగులో వేలితో రాసి అక్షరాలు నేర్పింది నువ్వే కదా.

మూతపడిన మిల్లు గేటు ముందు ఈ పొద్దంతా కూర్చుని గోపికీ మణికీ చదివి వినిపించాను. పక్కన కారిమంగళం బస్సులు పోతూనే ఉన్నాయి.

"ఏమప్పా, నన్ను ఇంత పిరికోణ్ణి చేసినాడు!" అని గోపి ఎగిరాడు.

"తగ్గించే రాసినాడు, ఊరకుండు," అన్నాడు మణి.

చదివేకొద్దీ ఎండలో దూది తేలుతున్నట్టూ, లోపల ఆగిపోయిన కదుళ్లు మెల్లగా తిరుగుతున్నట్టూ అనిపించింది.

చివరి పేజీ అయింది. మిల్లు హోరులో నువ్వు కేకేసి చెప్పింది వినబడితే, వినబడిందని గుండె మీద రెండుసార్లు తట్టి చూపేవాళ్లం, గుర్తుందా? గోపి తట్టాడు. మణి తట్టాడు. పుస్తకం ఒళ్లో పెట్టుకుని నేనూ తట్టాను.